మైక్రోస్కోప్, పిపెట్: చేతికి నేర్పాల్సిన పనులు

కొత్తగా డిగ్రీలో చేరిన పిల్లలకు మొదటి ప్రాక్టికల్ రోజున నేను మైక్రోస్కోప్ ఇవ్వను. తలా ఒక ఉల్లిపాయ ముక్క, బ్లేడు, స్లైడు చేతికిచ్చి పొర ఒలవమంటాను. గంటకు పైగా అదే పని. కొందరు చిన్నబుచ్చుకుంటారు, ఇంత దూరం వచ్చింది ఉల్లిపాయ ఒలవడానికా అన్నట్టు చూస్తారు. అయినా ఆ పద్ధతి మార్చుకోలేదు. "మేడమ్, ఏమీ కనపడట్లేదు" అని ఎవరైనా పిలిస్తే వెళ్లి చూస్తాను కదా, చాలాసార్లు మైక్రోస్కోప్ లక్షణంగా ఉంటుంది. స్లైడు మీద పొర దళసరిగా ఉంటుంది, లేదా మడతపడి ఉంటుంది, లేదా నడిమధ్యన గాలిబుడగ తిష్ఠ వేసి ఉంటుంది. కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి పీల్చే పిపెట్ సంగతీ అంతే. పిపెట్ చెడిపోవడం అరుదు, బొటనవేలు తొందరపడటమే ఎక్కువ.

పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే పిల్లలు చక్కగా రాస్తారు. అదే పిల్లలు 40 ఎక్స్ లెన్సుతో, అంటే 40 రెట్లు పెద్దదిగా చూపే దానితో, స్లైడు పగలగొడతారు. తెలియక కాదు, చేతికి అలవాటు కాక. అందుకే ఇక్కడ భాగాల పేర్ల జాబితా ఇవ్వను. ఇంటర్ బైపీసీ వాళ్లకైనా, డిగ్రీ లైఫ్ సైన్సెస్ వాళ్లకైనా, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు వాళ్లకైనా పనికొచ్చేలా, బల్ల ముందు నిలబడినప్పుడు ఏ పని ముందో ఏది వెనకో ఆ వరసలోనే చెబుతాను.

మన జంటనగరాల్లో ఉంటూ మైక్రోస్కోప్ ముట్టుకునేవాళ్లు ఒక్క తేదీ గుర్తుంచుకోవాలి. 1897 ఆగస్టు 20. ఆ రోజు సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ఇప్పటికీ ఉంది. నన్ను కదిలించేది బహుమతి కంటే ఆయన పనిచేసిన తీరు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) కూడా బీట వేసింది. పంకా వేసుకుంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చున్నాడు. పరికరం ఆ స్థితిలో ఉన్నా ఆయన చూడగలిగాడంటే, దోమ తర్వాత దోమను కోసి, కణం తర్వాత కణాన్ని వెతికిన ఓపిక వల్లే.

ముందు స్లైడు

ఉల్లిపాయను నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. పైన ఎండిన పొట్టు వదిలేసి, లోపలున్న రెండో రేకో మూడో రేకో తీసుకోండి. రేకు లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, బ్లేడుతో అర సెంటీమీటరు చదరం గీయండి. ఒక మూల ఫోర్సెప్స్‌తో పట్టి మెల్లగా లాగితే పల్చటి పొర వస్తుంది. గాజులా అవతలివైపు కనపడాలి. తెల్లగా, కండగా వస్తే అది పనికిరాదు, మళ్లీ తీయండి.

స్లైడు మీద ముందే ఒక చుక్క నీళ్లు పెట్టుకుని పొరను అందులో పరచాలి. పొర పెట్టాక నీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది. నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయితేనే మంచిది. మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ. చుక్క అంచున ఆరిపోయేటప్పుడు సున్నపు స్ఫటికాలు ఏర్పడతాయి, వాటిని చూసి కణాలని బొమ్మ గీసుకొచ్చిన పిల్లలు ఏటా ఉంటారు. తర్వాత ఒక చుక్క పలచని అయోడిన్ గానీ సాఫ్రనిన్ గానీ వేసి రెండు నిమిషాలు ఆగండి.

కవర్ స్లిప్, అంటే పైన కప్పే పల్చటి గాజు బిళ్ల, వేయడం అసలు పని. ఒక అంచును చుక్క పక్కన స్లైడుకు ఆనించి, సుమారు 45 డిగ్రీల వాలుగా పట్టుకుని, రెండో అంచును సూదితో ఆపుతూ నెమ్మదిగా దించండి. నీళ్లు అంచు వెంట పాకుతూ గాలిని ముందుకు తోసేస్తాయి. పైనుంచి దభాలున వేస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది. మైక్రోస్కోప్‌లో నల్లటి దట్టమైన అంచుతో గుండ్రంగా మెరిసేది ఏది కనపడినా ముందు గాలిబుడగేమో అని అనుమానించండి. అంచుల్లో పొంగిన నీళ్లను ఫిల్టర్ పేపర్ ముక్కతో అద్దేయాలి, లేకపోతే కవర్ స్లిప్ తేలుతూ కదులుతుంది.

మలక్‌పేట మార్కెట్ నుంచి ఊరంతా వెళ్లే ఎర్ర ఉల్లి మనకు ఒక వరం. దాని రేకు బయటి వైపు పొర తీస్తే కణాల్లో గులాబీ రంగు దానంతటదే ఉంటుంది, రంగు వేయక్కర్లేదు. కవర్ స్లిప్‌కు ఒక పక్కన 5 శాతం ఉప్పునీళ్ల చుక్క పెట్టి, రెండో పక్కన ఫిల్టర్ పేపర్ ఆనించండి. కాగితం నీళ్లు పీలుస్తుంటే ఉప్పునీళ్లు కిందకు పాకుతాయి. కొద్ది నిమిషాల్లో ఆ గులాబీ రంగు గోడను వదిలి లోపలికి కుంచించుకుపోతుంది. కణానికి గోడ వేరు, లోపలి త్వచం వేరు అని ఇంటర్‌లో బట్టీ పట్టిన వాక్యం ఆ క్షణంలో కళ్లముందు జరుగుతుంది. ఇది చూసి నోరు తెరిచిన పిల్లల ముఖాలు చూడటం కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాననిపిస్తుంది.

బుగ్గ లోపలి కణాలను టూత్‌పిక్‌తో గీకి చూసేవాళ్లు మామూలు నీళ్లకు బదులు 0.9 శాతం ఉప్పునీళ్లు వాడండి, లేకపోతే కణాలు ఉబ్బుతాయి. రంగుకు మిథిలీన్ బ్లూ. అక్వేరియం చేపల మందుగా కూడా ఇది దొరుకుతుంది. వాడిన టూత్‌పిక్‌ను బల్ల మీద పెట్టకుండా 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణంలో పడేయాలి. స్టోమాటా (ఆకు మీది సన్నని రంధ్రాలు) కోసం కుండీల్లో పెంచే రణపాల ఆకు వంచి విరిస్తే పొర ఇట్టే ఊడివస్తుంది.

మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాక

బీరువాలోంచి తీసేటప్పుడు ఒక చేయి మెడ దగ్గర, ఇంకో చేయి కింద పీఠానికి. ఒంటిచేత్తో ఊపుకుంటూ తేకూడదు, ఐపీస్ జారి పడుతుంది. బల్ల అంచుకు జానెడు లోపల పెట్టండి, వైరు మనుషులు నడిచే వైపు వేలాడకుండా చూడండి. దీపం వెలుగు తక్కువలో పెట్టి ఆన్ చేయాలి.

ఇప్పుడు 4 ఎక్స్ లెన్సు, ఎర్ర గీత ఉన్నది, టక్‌మని సరిగ్గా కూర్చునేలా తిప్పండి. ఆ టక్ వినపడకపోతే సగం చీకటి కనపడుతుంది. 10 ఎక్స్‌కు పసుపు గీత, 40 ఎక్స్‌కు లేత నీలం, 100 ఎక్స్‌కు తెలుపు. స్లైడు బిగించి, చూడాల్సిన భాగం సరిగ్గా వెలుగు పడే చోటికి తెచ్చాకే కన్ను ఐపీస్‌కు పెట్టాలి.

ఫోకస్ చేసేటప్పుడు ఒక్క నియమం ఉంది. స్లైడును లెన్సుకు దగ్గరగా తెచ్చేటప్పుడు పక్కనుంచి కంటితో చూడాలి. దూరం చేసేటప్పుడు ఐపీస్‌లోంచి చూడాలి. అంటే ముందు తల పక్కకు పెట్టి పెద్ద నాబ్ తిప్పుతూ స్లైడు పెట్టిన స్టేజిని పైకి తేండి, తర్వాత ఐపీస్‌లో చూస్తూ నెమ్మదిగా కిందకు దించుతూ బొమ్మ కోసం వెతకండి. ఇలా చేసేవాళ్లు స్లైడు పగలగొట్టడం నేనింతవరకు చూడలేదు. బొమ్మ అందాక చిన్న నాబ్‌తో సవరించుకోండి. తెలుగు మీడియం పుస్తకాల్లో వీటిని స్థూల సవరణ మర, సూక్ష్మ సవరణ మర అని రాసేవారు. పెద్దది వెతకడానికి, చిన్నది తేటపరచుకోవడానికి.

బొమ్మను నడిమధ్యకు తెచ్చుకున్నాకే 10 ఎక్స్‌కు, ఆ తర్వాత 40 ఎక్స్‌కు వెళ్లాలి. మధ్యలో స్టేజి కదపకండి. మంచి మైక్రోస్కోప్‌లో ఒక లెన్సు కింద ఫోకస్ అయితే మిగతావాటి కింద కూడా దాదాపు ఫోకస్‌లోనే ఉంటుంది, చిన్న నాబ్ కాస్త కదిపితే చాలు. 40 ఎక్స్ కొన కవర్ స్లిప్‌కు ఎంత దగ్గరగా వస్తుందో తెలుసా? సుమారు అర మిల్లీమీటరు. 100 ఎక్స్‌కైతే అందులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే 40 ఎక్స్ వచ్చాక పెద్ద నాబ్ ముట్టుకోకూడదని అంతగా చెప్పేది. బొమ్మ తప్పిపోతే సిగ్గుపడకుండా మళ్లీ 4 ఎక్స్‌కు వచ్చి మొదలుపెట్టండి. చేయి తిరిగిన పరిశోధకులు కూడా అదే చేస్తారు.

రెండు ఐపీస్‌లున్న వాటిలో ముందు రెండు వలయాలూ ఒకటయ్యేదాకా గొట్టాల మధ్య దూరం సరిచేసుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కంటికి చిన్న నాబ్‌తో ఫోకస్ చేయండి. ఇప్పుడు కుడి కన్ను మూసి, ఎడమ ఐపీస్‌కున్న రింగు తిప్పి ఆ కంటికి సరిచేసుకోండి. చాలా మైక్రోస్కోప్‌లకు రింగు ఎడమ వైపే ఉంటుంది. ఈ అరనిమిషం పని మానేసి తలనొప్పి వస్తోందనేవాళ్లే ఎక్కువ. ఒక్క ఐపీస్ ఉన్నదైతే రెండో కన్ను కూడా తెరిచే ఉంచడం అలవాటు చేసుకోండి. నాలుగు రోజులు ఇబ్బంది, ఆ తర్వాత గంటలకొద్దీ చూసినా కళ్లు లాగవు.

వెలుగు ఎక్కువైతే కనపడదు

ఈ భాగం నిదానంగా చదవండి. మన ల్యాబుల్లో జరిగే తప్పుల్లో సగం ఇక్కడివేనని నా అనుభవం.

బొమ్మ మసకగా ఉంటే అందరూ చేసే మొదటి పని దీపం పెంచడం. మధ్యాహ్నం ఎండలో ఫోన్ తెర చూసినట్టు అంతా తెల్లగా పాలిపోతుంది. పెంచాల్సింది వెలుగు కాదు, సవరించాల్సింది డయాఫ్రమ్. స్టేజి కింద కండెన్సర్ అనే లెన్సుల డబ్బా, దానికి ఒక చిన్న మీట ఉంటాయి. ఆ మీట కదిపితే లోపలి రంధ్రం పెద్దదీ చిన్నదీ అవుతుంది. రంగు వేయని బుగ్గ కణాలు, నీళ్లలో ఈదే సూక్ష్మజీవుల లాంటి పారదర్శకమైనవి చూసేటప్పుడు రంధ్రం కాస్త మూయండి, అంచులు తేలతాయి. రంగు వేసిన స్లైడుకు ఇంకాస్త తెరవండి. మరీ మూసేస్తే అంచుల చుట్టూ నల్లని, తెల్లని చారలు వచ్చి, లేని వివరాలు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, నిజమైన వివరం పోతుంది.

ఎంత తెరవాలో కొలిచే ఉపాయం ఒకటుంది. ఫోకస్ అయ్యాక ఐపీస్ ఒకటి బయటకు తీసి గొట్టంలోకి చూడండి. అడుగున వెలుగు వృత్తం కనపడుతుంది. మీట కదుపుతూ ఆ వృత్తంలో ముప్పాతిక వంతో, ఇంకాస్త ఎక్కువో వెలుగుతో నిండేలా ఆపండి. లెన్సు మార్చినప్పుడల్లా ఇది మారుతుంది, కాబట్టి ప్రతిసారీ సరిచూసుకోవాలి. కండెన్సర్ దాదాపు పూర్తిగా పైకి ఉండాలి. బొమ్మ నచ్చలేదని దాన్ని కిందకు దించేయడం చెడ్డ అలవాటు.

దీపం దగ్గర కూడా ఒక డయాఫ్రమ్ ఉంటే మీ అదృష్టం, కోలర్ పద్ధతిలో వెలుగు సర్దవచ్చు. అగస్ట్ కోలర్ 1893లో చెప్పిన ఈ పద్ధతి ఇప్పటికీ మారలేదు. 10 ఎక్స్‌లో స్లైడు ఫోకస్ చేసి, దీపం దగ్గరి డయాఫ్రమ్ పూర్తిగా మూయండి. చిన్న వెలుగు మచ్చ కనపడుతుంది. దాని అంచు పదునుగా కనపడేదాకా కండెన్సర్ ఎత్తు మార్చండి. పక్క మరలతో మచ్చను మధ్యకు తేండి. అది చూపు వలయం అంచు దాటేంత వరకే తెరవండి. అంతే. అంతకుముందు చూసిన స్లైడే మళ్లీ చూడండి, కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నట్టుంటుంది.

నూనె లెన్సు

100 ఎక్స్ లెన్సుకు నూనె ఎందుకు? కాంతి గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగి పక్కలకు పోతుంది, లెన్సుకు అందదు. ఇమ్మర్షన్ నూనె వక్రీభవన గుణకం 1.515, దాదాపు గాజుకున్నంతే. మధ్యలో నూనె ఉంటే కాంతికి దారి మారదు, అంతా లెన్సులోకి చేరుతుంది. అందువల్ల 1.25 ఎన్.ఏ. (లెన్సు ఎంత కాంతిని అందుకోగలదో చెప్పే అంకె) ఉన్న లెన్సు మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, నాలుగో వంతుకు కాస్త పైన ఎడమున్న రెండు చుక్కల్ని విడివిడిగా చూపగలదు. బాక్టీరియాను చూడటానికి అది చాలు. కొబ్బరినూనె వాడొచ్చా అని అడుగుతుంటారు, వద్దు. గుణకం కుదరదు, లెన్సు పాడవుతుంది.

40 ఎక్స్‌లో చూడాల్సిన చోటు మధ్యకు తెచ్చుకోండి. లెన్సుల చక్రాన్ని సగం తిప్పి, రెండు లెన్సుల మధ్య ఖాళీ వచ్చినప్పుడు వెలుగు పడే చోట ఒక చిన్న చుక్క నూనె వేయండి. పక్కనుంచి చూస్తూ 100 ఎక్స్ తిప్పితే కొన నూనెను తాకి మెరుస్తుంది. ఇక చిన్న నాబ్ ఒక్కటే. డయాఫ్రమ్ బాగా తెరవండి, వెలుగు ఎక్కువ కావాలి. ఒకసారి నూనె పడ్డాక 40 ఎక్స్‌కు వెనక్కి తిప్పకూడదు. 40 ఎక్స్ గాలిలో చూసే లెన్సు, నూనె అంటితే మసకబారిపోతుంది. కాలేజీల్లో "ఈ 40 ఎక్స్ పోయింది" అని పక్కన పెట్టే మైక్రోస్కోప్‌లలో చాలావాటికి జబ్బు ఆ ఎండిన నూనె మరకే.

మొదటిసారి నూనె లెన్సు వాడేవాళ్లకు నేను ఇంటి పెరుగు ఇస్తాను. సూదిమొనంత పెరుగు చుక్క నీటిలో కలిపి, స్లైడు మీద పల్చగా పూసి, ఆరనిచ్చి, వెనకవైపు మంట మీద రెండు మూడుసార్లు తగిలించి, మిథిలీన్ బ్లూ ఒక నిమిషం వేసి కడిగి ఆరబెట్టండి. కడ్డీల్లా, పూసల దండల్లా నీలంగా బాక్టీరియా కనపడతాయి. రాత్రి తోడేసిన అమ్మ చేతి పని అది.

పని అయ్యాక నూనెను లెన్స్ పేపర్‌తో అద్ది, కొత్త కాగితానికి కొద్దిగా లెన్సు శుభ్రం చేసే ద్రవం తడిపి మధ్య నుంచి అంచుకు తుడవండి. చున్నీ, చొక్కా అంచు, టిష్యూ పేపర్ వద్దు, గీతలు పడతాయి. జైలీన్ ముంచి తుడిస్తే లెన్సును పట్టి ఉంచే జిగురే కరగవచ్చు.

కొలత కూడా రాయాలి

బొమ్మ గీసి కింద 400 రెట్లు అని రాస్తే సరిపోదు, అసలు కణం ఎంతుందో చెప్పాలి. ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ ఉంటుంది, 18 అనో 20 అనో. దాన్ని కింది లెన్సు శక్తితో భాగిస్తే చూపు వలయం వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 18ని 40తో భాగిస్తే 0.45 మి.మీ., అంటే 450 మైక్రాన్లు. ఉల్లి కణాలు వలయం అడ్డంగా రెండు పడితే ఒక్కోటి సుమారు 225 మైక్రాన్ల పొడవు. ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రాన్లు. కచ్చితంగా కావాలంటే స్టేజి మైక్రోమీటర్‌తో, అంటే ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేసిన గీతల స్లైడుతో, ఐపీస్‌లోని స్కేలును ఒకసారి సరిపోల్చి ఆ లెక్క మైక్రోస్కోప్‌కు అతికించి పెట్టండి.

మైక్రోపిపెట్

గాజు పిపెట్‌ను నోటితో పీల్చే రోజులు పోయాయి. ఎక్కడైనా ఇంకా అలా చేయమంటే చేయకండి. రబ్బరు బల్బు పెట్టి పీల్చాలి. చేతికి చిన్న స్ప్రింగు పిపెట్ వచ్చింది 1957లో, జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే వైద్యుడి ఆలోచనతో. ఇవాళ్టి పిపెట్ కూడా ఆ సూత్రం మీదే నడుస్తుంది. లోపల పిస్టన్ గాలిని కదుపుతుంది, గాలి ద్రవాన్ని కదుపుతుంది. పిస్టన్‌కు ద్రవం ఎప్పుడూ తగలదు. మనం పీల్చేది నిజానికి గాలి ద్వారా అన్న మాట మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొదట సరైన పిపెట్ ఎంచుకోవాలి. పి20, పి200, పి1000 అంటే గరిష్ఠంగా అన్ని మైక్రోలీటర్లు (మిల్లీలీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోలీటరు). 15 మైక్రోలీటర్లు కావాలంటే పి200 వద్దు, పి20 తీయండి. మూడంకెల కిటికీ పై నుంచి కిందకు చదవాలి. పి200లో 1, 2, 5 కనపడితే 125. పి20లో అవే అంకెలు 12.5. పి1000లో 0, 7, 5 అంటే 750. పరీక్షలో కాదు, అసలు పనిలో పదింతల తప్పులు ఇక్కడే దొర్లుతాయి. కాబట్టి మొదటి వారం పక్కవాళ్లకు చూపించి సరిచూసుకోండి. తక్కువ నుంచి ఎక్కువకు తిప్పేటప్పుడు కావాల్సిన అంకెను కాస్త దాటించి వెనక్కి రండి, మరలోని వదులు పోతుంది. గరిష్ఠం దాటించి బలవంతంగా తిప్పితే పిపెట్ అక్కడితో సరి.

ఇక చేతి పని:

1. టిప్పును, అంటే పిపెట్ కొనకు తగిలించే ప్లాస్టిక్ మొనను, పెట్టెలోంచి నేరుగా గుచ్చి తీసుకోండి. గట్టిగా దడదడ కొట్టక్కర్లేదు, నిటారుగా ఒక్కసారి అదిమితే చాలు.

2. బొటనవేలితో మొదటి అడ్డు తగిలేదాకా నొక్కండి. రెండు అడ్డులుంటాయి. నొక్కుతుంటే ఒకచోట ఆగినట్టనిపిస్తుంది, అది మొదటిది. ఇంకా బలంగా నొక్కితే రెండోది. ద్రవం లేకుండా ఇరవైసార్లు నొక్కి తేడా వేలికి పట్టేలా చేసుకోండి.

3. నొక్కి ఉంచే టిప్పును ద్రవంలో ముంచండి. చిన్న పిపెట్లకు రెండు మూడు మిల్లీమీటర్లు, పి1000కు కాస్త ఎక్కువ. లోతుగా ముంచితే బయట అంటుకున్న ద్రవం కూడా వస్తుంది.

4. పిపెట్‌ను నిటారుగా పట్టి బొటనవేలిని నెమ్మదిగా వదలండి. ఒక్కసారి వదిలేస్తే ద్రవం ఎగిరి పిస్టన్ దాకా వెళుతుంది, బుడగలు వస్తాయి. పైకి వచ్చాక ఒక సెకను ద్రవంలోనే ఆగండి.

5. టిప్పును గోడకు తాకిస్తూ బయటకు తీయండి. లోపల గాలి ఖాళీ ఉందేమో కంటితో చూడండి.

6. పోసే గొట్టం గోడకు టిప్పును 30 నుంచి 45 డిగ్రీల వాలుగా ఆనించి మొదటి అడ్డుదాకా నొక్కండి, ఒక సెకను ఆగి రెండో అడ్డుదాకా నొక్కండి. నొక్కి ఉంచే గోడ మీదుగా పైకి లాగి, బయటకు వచ్చాక వేలు వదలండి.

7. వేరే ద్రవానికి వేరే టిప్పు. ఎప్పుడూ.

మొదటి అడ్డుకు బదులు రెండో అడ్డుదాకా నొక్కి పీల్చడమే కొత్తవాళ్ల తప్పుల్లో పెద్దది. అప్పుడు కిటికీలో ఉన్న అంకె కంటే ఎక్కువ ద్రవం వస్తుంది. అయితే ఇదే పనిని తెలిసి చేస్తే దానికో ప్రయోజనం ఉంది. గ్లిసరాల్, సీరం లాంటి చిక్కటివి, నురగ వచ్చేవి తీసేటప్పుడు కావాలనే రెండో అడ్డు నుంచి పీల్చి, మొదటి అడ్డుదాకానే పోసి, టిప్పులో మిగిలింది పారేస్తారు. దీన్ని రివర్స్ పిపెటింగ్ అంటారు.

టిప్పులో ద్రవం ఉండగా పిపెట్‌ను పడుకోబెట్టకూడదు, లోపలికి పారుతుంది. కొత్త టిప్పు పెట్టాక ఆ ద్రవాన్నే రెండు మూడుసార్లు పీల్చి వదిలి టిప్పు లోపలిని తడపండి. ఆల్కహాల్, అసిటోన్ లాంటి ఆవిరయ్యేవాటికి ఇది తప్పనిసరి. లేకపోతే ఆవిరి ఒత్తిడికి చుక్కలు వాటంతటవే కారిపోతాయి.

ఇప్పుడు హైదరాబాద్ ఎండల మాట. మే నెలలో గది వేడెక్కి ఉంటుంది, క్లాసుకు పది నిమిషాల ముందు ఏసీ వేస్తారు, ఫ్రిజ్‌లోంచి బఫర్ తీసి వెంటనే కొలుస్తారు. పిపెట్ లోపలి గాలి ఒక వేడిలో, ద్రవం ఇంకో వేడిలో ఉంటే కొలత తేడా వస్తుంది. పిపెట్లు, టిప్పులు, ద్రవం అన్నీ ఒకే గదిలో కాసేపు ఉండనివ్వండి. చల్లగానే వాడక తప్పనివైతే టిప్పు తడపకుండా ఒక్కసారే పీల్చి పోయండి, ఎందుకంటే చల్లటి ద్రవాన్ని పదేపదే పీలిస్తే లోపలి గాలి కూడా చల్లబడుతుంది. గంటసేపు పిపెట్‌ను పిడికిట్లో బిగించి పట్టుకున్నా వేడెక్కుతుంది, పని మధ్యలో స్టాండుకు తగిలించండి.

మీ చేతిని తూకం వేయండి

పిపెట్ సరిగా ఉందా, చేయి సరిగా ఉందా అని తెలుసుకునే దారి తక్కెడ. అనలిటికల్ బ్యాలెన్స్ మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేయండి. మట్టం చూపే దాని బుడగ వలయం మధ్యలో ఉందో లేదో ముందు చూసుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, తలుపులు మూయండి. రాస్ పంకా ఆపించింది దోమల కోసం, మనం ఆపేది నాలుగో దశాంశ స్థానం కోసం.

25 డిగ్రీల దగ్గర 1000 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్ సుమారు 996 మిల్లీగ్రాములు తూగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం పి1000 గరిష్ఠ ఘనపరిమాణం దగ్గర 8 మైక్రోలీటర్లు అటూఇటూ ఉండవచ్చు. పదిసార్లు పోసి పది తూకాలూ రాసుకోండి. పదీ దగ్గర దగ్గరగా ఉండి అన్నీ తక్కువే వస్తే పిపెట్‌కు కాలిబ్రేషన్ (కొలత సరిదిద్దడం) కావాలి, లేదా టిప్పు వదులుగా ఉంది. ఒకటి 970, ఒకటి 1010, ఇంకోటి 985 ఇలా చెదిరి ఉంటే అది మీ బొటనవేలు. నిరుత్సాహపడకండి. నా దగ్గరికి వచ్చే పిల్లలు మూడో వారానికి ఆ చెదురును బాగా తగ్గించుకుంటారు. పి20 అయితే 20 మైక్రోలీటర్లు పదిసార్లు ఒకే గిన్నెలో పోసి మొత్తం చూడండి, 199 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉండాలి. ఆలస్యం చేస్తే నీళ్లు ఆవిరై తూకం తగ్గుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే తప్పులు పేరుకుపోతాయి. 900 మైక్రోలీటర్లలో 100 కలిపి పదో వంతు చేయడం, అందులోంచి మళ్లీ పదో వంతు, ఇలా ఆరుసార్లు చేస్తే పది లక్షల్లో ఒక వంతు. ప్రతిసారీ గాఢత 5 శాతం తక్కువ పడితే చివరికి రావాల్సిన దాంట్లో 74 శాతం కూడా ఉండదు. బాక్టీరియా పెంచే ప్లేటు మీద 100 కాలనీలు (బాక్టీరియా గుంపులు) రావాల్సింది 73 వస్తాయి. నీళ్ల పరీక్షలోనో మందు మోతాదు పరీక్షలోనో ఆ తేడాకు అర్థం మారిపోతుంది.

గొట్టాలను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ గురించి రెండే మాటలు. ఎదురెదురు గొట్టాలు తూకంలో సమానంగా ఉండాలి, ఎత్తు చూసి కాదు, తూచి. పుస్తకంలో 1000 జి, అంటే భూమి ఆకర్షణకు వెయ్యి రెట్లు, అని ఉంటే దానికి ఎన్ని చుట్లు కావాలన్నది చక్రం వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రానికి నిమిషానికి 3000 చుట్లు దాదాపు 1000 జి అవుతాయి, 15 సెంటీమీటర్లదైతే అవే చుట్లు 1500 జి. మూత తెరిచి చేత్తో ఆపడం ఎన్నడూ చేయకండి.

వానాకాలం, సాయంత్రం సర్దుబాటు

జులై నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్లో గాలి తేమగా ఉంటుంది. ఆ రోజుల్లో తడి తడిగానే ప్లాస్టిక్ కవర్ కప్పి బీరువాలో పెట్టేస్తే లెన్సు లోపల బూజు పడుతుంది. సాలెగూడులా చారలు కనపడితే అది తుడిస్తే పోయేది కాదు. బీరువాలో సిలికా జెల్ పెట్టండి. రంగు మారగానే తీసి వేడిచేసి ఆరబెట్టి మళ్లీ పెట్టవచ్చు. సెలవుల్లో కూడా వారానికోసారి బయటకు తీసి గాలి తగలనివ్వండి.

పని ముగించేటప్పుడు స్టేజి పూర్తిగా కిందకు దించి, స్లైడు తీసి, 4 ఎక్స్ లెన్సును కిందికి తిప్పి పెట్టండి. దీపం తగ్గించి ఆపి, చల్లారాకే కవర్ కప్పండి. పిపెట్లను గరిష్ఠ అంకెకు తిప్పి, స్ప్రింగు వదులుగా ఉండేలా, స్టాండులో నిలువుగా తగిలించండి. ఎవరి చేతిలోనైనా పిపెట్ కింద పడితే దాచకుండా రిజిస్టర్‌లో తేదీతో రాయించండి, మర్నాడు తూకం వేసి చూడవచ్చు. బ్యాలెన్స్ పళ్లెం బ్రష్‌తో తుడిచి, దాని అద్దాల తలుపులు మూసేయండి. ఇక ఫ్యాన్ వేసుకోవచ్చు.